కాఫీ, టీలతో బొమ్మ వేద్దామా? వైజాగ్ ఉక్కపోతలోనూ ఆరే పద్ధతి

నా మొదటి కాఫీ బొమ్మ డాల్ఫిన్ నోస్ కొండ. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద నిలబడి ఫోన్లో ఫొటో తీసుకున్నాను, ఇంటికొచ్చి వంటింట్లో ఉన్న ఇన్‌స్టంట్ కాఫీ సీసా సగం ఖాళీ చేసి, తారులా కలిపి, కొండ మొత్తాన్ని ఒకే ఊపులో నింపేశాను. నిగనిగలాడుతూ ఎంత బాగుందో. మర్నాడు ముట్టుకుంటే పైన ఆరినట్టే అనిపించింది, తీసి ప్లాస్టిక్ ఫైల్లో పెట్టేశాను. అది ఆగస్టు నెల. రెండు వారాల తర్వాత మా అత్తకి చూపిద్దామని తీస్తే కొండ కాస్తా ఫైలు కవరుకి అంటుకుని ఊడొచ్చింది, కాగితం మీద సముద్రం ఒక్కటే మిగిలింది. అత్త పాపం "బానే ఉందే, ఇదేంటి, బీచా?" అంది. అమ్మ బొమ్మ ఊసే ఎత్తలేదు, "ఒసే, సగం సీసా పొడి ఏమైపోయిందే?" అని మాత్రం అడిగింది.

వీడియోల్లో చూస్తే అందరూ తేనెలా చిక్కగా కలుపుకుని టకటకా వేసేస్తుంటారు. వాళ్ల ఊళ్లో అది ఆరుతుంది, మనకి ఆరదు. ఇక్కడ వానాకాలంలో దండెం మీద ఆరేసిన తువ్వాలే మర్నాటికి కూడా చెమ్మగా ఉంటుంది, ఇక కాఫీ సంగతి చెప్పాలా. ఇన్‌స్టంట్ కాఫీకి గాలిలో చెమ్మ లాక్కునే గుణం ఉంది, సీసా మూత సరిగ్గా బిగించకపోతే పొడి గడ్డకట్టి రాయైపోయేది అందుకే. కాగితం మీద ఆరాక కూడా అది అదే పని చేస్తుంది. కాబట్టి నేను చెప్పేదంతా ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది: చిక్కగా ఒక్కసారి కాదు, పల్చగా నాలుగుసార్లు. మిగతావన్నీ ఎవరికి వాళ్లు వేస్తూ వేస్తూ నేర్చుకోవచ్చు, దీన్ని మాత్రం మొదటిరోజే పట్టుకోండి.

ఏ కాఫీ, ఏ టీ

కాఫీలో రెండు రకాలూ పనికొస్తాయి, కానీ వేర్వేరు పనులకి. ఇన్‌స్టంట్ పొడి నీళ్లలో పూర్తిగా కరిగిపోతుంది కాబట్టి ఎంత ముదురు కావాలంటే అంత ముదురు కలుపుకోవచ్చు. ఫిల్టర్ పొడి కరగదు, దాని సారమే డికాషన్‌లోకి దిగుతుంది, అందుకని డికాషన్ ఎంత చిక్కగా తీసినా ఒక హద్దు దాటి ముదరదు. కానీ జిగట తక్కువ, త్వరగా ఆరుతుంది, ఆకాశానికీ దూరపు కొండలకీ బాగా పనికొస్తుంది.

ఇన్‌స్టంట్ సీసా వెనక చిన్న అక్షరాలు ఒకసారి చదవండి. మన ఇళ్లలో వాడే వాటిల్లో చాలావాటికి చికోరీ కలిపి ఉంటుంది, 70 శాతం కాఫీ, 30 శాతం చికోరీ అన్నది తరచూ కనిపించే లెక్క. చికోరీ అంటే ఒక మొక్క వేరు, వేయించి కలుపుతారు. తాగేవాళ్లకి అది చిక్కదనం ఇస్తుంది, బొమ్మ వేసేవాళ్లకి జిగట ఇస్తుంది. చికోరీ ఉన్న కాఫీతో వేయకూడదని కాదు, నేను ఇప్పటికీ వేస్తాను, కానీ ముదురు చోట్లకి మాత్రం చికోరీ లేని ఇన్‌స్టంట్ చిన్న ప్యాకెట్ ఒకటి వేరే కొనుక్కుంటే చాలా తలనొప్పి తగ్గుతుంది.

ఇక అరకు కాఫీ. మన ఊళ్లో ఉండి దాన్ని వదిలేస్తామా. 2022లో జిల్లాలు విడిపోయాక అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది గానీ, గిరిజన రైతుల దగ్గర కాఫీ కొని అమ్మే గిరిజన సహకార సంస్థ (జీసీసీ) ప్రధాన కార్యాలయం ఇప్పటికీ విశాఖలోనే ఉంది, పొడి తేలిగ్గా దొరుకుతుంది. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. అలాంటి పొడిని బొమ్మల కోసం తగలెయ్యడం నాకైతే మనసొప్పదు. అందుకని నేను చేసేది ఇదీ: పొద్దున్న ఇంట్లో అందరికీ మొదటి డికాషన్ దిగాక, ఫిల్టర్లో మిగిలిన పొడి మీద మళ్లీ మరిగే నీళ్లు పోసి రెండో డికాషన్ తీస్తాను. మా ఇంట్లో రెండో డికాషన్ ఎవరూ తాగరు, మొహం చిట్లిస్తారు. దాన్ని గిన్నెలో పోసి సన్నటి సెగ మీద సగానికి మరిగిస్తే లేత రంగులకి సరిపడా వస్తుంది. కాఫీ తాగేవాళ్లతోనూ పేచీ ఉండదు.

టీకి ఖరీదైన ఆకులక్కర్లేదు, మామూలు డస్ట్ టీ చాలు. అరగ్లాసు నీళ్లలో రెండు చెంచాల పొడి వేసి అయిదు నిమిషాలు మరగనిచ్చి, చల్లారాక పల్చటి గుడ్డలో వడగట్టండి. టీ వడపోసే జల్లెడ సరిపోదు, నలుసులు కాగితం మీదకొచ్చి కూర్చుంటాయి. పాలు, పంచదార వద్దే వద్దు. పాలు విరిగి కంపు కొడతాయి, పంచదార చీమల్ని పిలుస్తుంది. ఒకసారి బద్ధకించి ఎంవీపీ కాలనీలో మేం తాగే టీ కొట్టు దగ్గరికెళ్లి ఉత్త టీ పార్సిల్ ఇమ్మన్నాను. "ఏటమ్మా, పాలొద్దు, పంచదారొద్దు, ఏటి సేసుకుంటావు దీన్ని?" అన్నాడాయన. సంగతి చెబితే నవ్వి, పారేసే టీ పిప్పి ఒక కవరు నిండా కట్టిచ్చాడు, డబ్బులు కూడా తీసుకోలేదు. అది పాలల్లో మరిగిన పిప్పి అన్న బుర్ర ఆయనకీ లేదు, నాకూ లేదు. మూడోరోజుకి గదిలో ఉండలేకపోయాం.

ఒకే టీలోంచి మూడు రంగులు లాగచ్చు, ఇది చాలామందికి తెలీదు. వడగట్టిన టీని మూడు బాటిల్ మూతల్లో పోయండి. ఒకటి అలాగే ఉంచండి. రెండోదాంట్లో చిటికెడు వంట సోడా వేయండి, కళ్ల ముందే ముదురు ఎరుపు గోధుమ రంగుకి దిగిపోతుంది. మూడోదాంట్లో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి, తేలిపోయి బంగారు పసుపు అవుతుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి కదా, ఆ మట్టి రంగుకి సోడా వేసిన టీ కంటే దగ్గరగా వచ్చింది నాకు ఇంట్లో ఏదీ దొరకలేదు. గ్రీన్ టీ లేత పసుపు ఇస్తుంది. మందార పూల టీ గులాబీ రంగు ఇస్తుంది, భలే ముద్దుగా ఉంటుంది గానీ ఎండ తగిలే చోట పెడితే ఇట్టే వెలిసిపోతుంది, దాన్ని నమ్ముకోకండి.

కాగితం, కుంచెలు

డబ్బు పెట్టాల్సిన చోటు ఇదొక్కటే. మామూలు డ్రాయింగ్ షీటు తడిస్తే అప్పడంలా ముడుచుకుపోతుంది, ఆ ముడతల్లో కాఫీ గుంటలు కట్టి మరకలవుతాయి. 300 జీఎస్ఎం (కాగితం ఎంత దళసరో చెప్పే లెక్క) వాటర్‌కలర్ కాగితం కొనండి, కాస్త గరుకుగా ఉండే కోల్డ్ ప్రెస్ రకం అయితే మంచిది. పెద్ద షీటు ఒకటి కొని నాలుగు ముక్కలు చేసుకుంటే నాలుగు బొమ్మలు. నాలుగు వైపులా మాస్కింగ్ టేపు వేసి పరీక్ష అట్టకి అతికించేయండి, అంచులూ నీటుగా వస్తాయి, కాగితమూ లేవదు.

కుంచెలు మూడు చాలు: పరుచుకోవడానికి ఒక వెడల్పాటి ఫ్లాట్ బ్రష్, 6 నంబరు రౌండ్ ఒకటి, సన్నపనికి 1 లేదా 2 నంబరు. వీటితోపాటు రెండు గ్లాసుల నీళ్లు (ఒకటి కడగడానికి, ఒకటి శుభ్రంగా), పాత బనీను గుడ్డ, ఒక తెల్ల కొవ్వొత్తి ముక్క, పాత టూత్‌బ్రష్, వాటర్ బాటిల్ మూతలు అయిదు.

అయిదు మూతలు

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. మొదటి మూతలో ఒక వంతు ఇన్‌స్టంట్ పొడికి రెండు వంతులు వేడినీళ్లు పోసి, ఉండలు లేకుండా కలపండి. ఇదే అన్నిటికంటే ముదురు. ఇందులోంచి సగం రెండో మూతలోకి తీసి, అంతే కొలత నీళ్లు కలపండి. రెండోదాంట్లోంచి సగం మూడోదాంట్లోకి, మళ్లీ అంతే నీళ్లు. ఇలా అయిదో మూత దాకా. అయిదోది చూడ్డానికి బాగా పల్చగా ఉంటుంది, అనుమానపడకండి.

ఇప్పుడు అదే కాగితం చిన్న ముక్క మీద అయిదు గళ్లు గీసి ఒక్కోదాంట్లో ఒక్కో మూత రంగు వేసి, కింద నంబరు రాసుకోండి. పూర్తిగా ఆరాక చూడండి. తడిగా ఉన్నప్పుడు కనిపించిన రంగు ఆరాక తేలిపోతుంది, ఎంత తేలిపోతుందో ఈ ముక్క చెబుతుంది. నేను దీన్ని అట్టకే అతికించి పెట్టుకుంటాను. ఇంకో పరీక్ష కూడా ఈ ముక్క మీదే అయిపోతుంది: మర్నాడు ఒక్కో గడి మీద వేలు నొక్కి చూడండి, ఏ నంబరు నుంచి జిగట తగులుతుందో అదే మీ ఇంటి హద్దు. మా ఇంట్లో వానాకాలంలో ఒకటో నంబరు అస్సలు ఆరదు, రెండో నంబరు దగ్గరే ఆగిపోతాను. జనవరిలో అయితే ఒకటి కూడా ఆరుతుంది. మీది లోపలికి, గోపాలపట్నమో పెందుర్తో అయితే లెక్క వేరేగా ఉండచ్చు, బీచ్ పక్క అపార్ట్‌మెంట్ అయితే నాకంటే కష్టం.

డికాషన్, టీ ఉన్న మూతలు వేరే పెట్టుకోండి. అన్నీ కొంచెం కొంచెమే కలుపుకోండి. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది, బయట పెడితే తెల్లటి బూజు తేలుతుంది. ఒక చుక్క లవంగ నూనె వేస్తే బూజు ఆలస్యంగా వస్తుంది. మూతలో ఎండిపోయిన కాఫీని పారేయక్కర్లేదు, రెండు చుక్కలు నీళ్లు వేస్తే మళ్లీ రంగే.

ఇక బొమ్మ వేద్దాం

అదే డాల్ఫిన్ నోస్. ఆర్కే బీచ్‌లో సముద్రానికి ఎదురుగా నిలబడితే కుడివైపు కొండ సముద్రంలోకి ముక్కు చాపినట్టు ఉంటుంది, దాని మీద లైట్‌హౌస్. పొద్దున్నే వెలుతురు సముద్రం వైపునుంచి వస్తుంది కాబట్టి కొండ కొస లేతగా, ఊరి వైపు ముదురుగా. మొదటి బొమ్మకి ఇంతకంటే తేలికైంది ఉండదు: మూడు అడ్డ చారలు, ఒక కొండ.

పెన్సిల్ గీతలు చాలా తేలిగ్గా పెట్టండి. కాఫీ పారదర్శకం, కింద ఉన్నదంతా కనిపిస్తుంది, ఒకసారి తడిశాక రబ్బరు కూడా సరిగ్గా పట్టదు. ఇంకోటి, మన దగ్గర తెల్ల రంగు లేదు. కాగితమే తెలుపు. లైట్‌హౌస్, నురగ, నీటి మీద మెరుపులు ఎక్కడెక్కడో ముందే అనుకుని వదిలేయాలి.

నురగకి కొవ్వొత్తి. అల విరిగే చోట తెల్ల కొవ్వొత్తి అంచుతో గట్టిగా, వంకరటింకరగా రుద్దండి. కాగితం మీద ఏమీ కనబడదు, పక్కనుంచి వెలుతురుకి పట్టి చూస్తేనే తెలుస్తుంది. తర్వాత దాని మీద టీ పరిస్తే మైనం ఉన్నచోట టీ నిలవక చిన్న చిన్న పూసలై జారిపోతుంది, గరుకు కాగితం కాబట్టి అక్కడక్కడా గుంటల్లో మాత్రం రంగు దిగుతుంది. అచ్చం విరిగిన నురగలాగే ఉంటుంది. నేను ఎన్ని బొమ్మలు వేసినా ఈ క్షణం దగ్గర ఇప్పటికీ ఆగి చూస్తాను. ఒక హెచ్చరిక, మైనం వేసిన చోట మళ్లీ రంగు పట్టదు, ఆలోచించి రుద్దండి.

ఆకాశం: వెడల్పు బ్రష్‌తో మంచినీళ్లు పరిచి, కాగితం మెరుస్తుండగానే పైనుంచి పల్చటి టీ లాగండి. కిందకి వచ్చేకొద్దీ నీళ్లే ఎక్కువ. అట్టని కొంచెం వాల్చి పెట్టుకుంటే రంగు దానంతట అదే దిగుతుంది. మేఘం కావాలంటే బనీను గుడ్డ ఉండ చేసి తడి మీద అద్దితే చాలు. సముద్రానికి సోడా వేయని టీ, ఆకాశం కంటే కాస్త ముదురుగా, అడ్డంగా గీతలు గీతలుగా లాగండి, మధ్యమధ్యలో కాగితం తెల్లగా మిగలాలి.

టీ ముందు, కాఫీ తర్వాత. దీనికో కారణం ఉంది. టీ కాగితం పీచులోకి మరకలా దిగిపోతుంది, మీద తడి తగిలినా పెద్దగా లేవదు. చొక్కా మీద టీ మరక పడితే తెలిసిందే కదా. ఇన్‌స్టంట్ కాఫీ అలా కాదు, ఎన్నాళ్లు ఆరినా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. అందుకే కాఫీ పొర మీద ఇంకో పొర వేసేటప్పుడు కుంచెతో రుద్దకూడదు. నిండుగా ముంచిన కుంచెని ఒక్కసారి లాగాలి, వదిలేయాలి. రెండోసారి అదే చోట తిప్పారా, కింద పొర లేచి బురద అవుతుంది.

కొండని మొత్తం ముందు అయిదో మూత రంగుతో నింపండి, లైట్‌హౌస్ వదిలేసి. ఆరనివ్వండి. ఆరిందో లేదో కంటికి తెలీదు, అరచెయ్యికీ తెలీదు, చెయ్యి వెనకవైపు తేలిగ్గా ఆనించి చూడండి: చల్లగా తగిలితే ఇంకా లోపల తడి ఉన్నట్టే. ఫ్యాను కింద మామూలు రోజుల్లో ఇరవై నిమిషాలు, ముసురు పట్టిన రోజు గంటయినా పడుతుంది. హెయిర్ డ్రైయర్ వాడచ్చు, కానీ తడి మెరుస్తున్నప్పుడు దగ్గరగా పెడితే గాలికి రంగు పక్కకి పరిగెడుతుంది.

ఆరాక నాలుగో మూతతో కొస వదిలేసి మిగతా కొండ. మళ్లీ ఆరనిచ్చి మూడో మూతతో మడతలు, చెట్ల గుంపులు. ఆఖర్న రెండో మూతతో నీటిని తాకే చోట రాళ్లు, అవి కూడా చుక్కలు చుక్కలుగా, పెద్ద ముద్దలా కాదు. మొత్తం నాలుగు పొరలు. ఇలా వేసిన కొండకీ, నేను మొదట తారులా పూసిన కొండకీ ఎంత తేడా ఉంటుందంటే, పొరల్లోంచి కాగితం వెలుగు కనబడుతూ ఉంటుంది, ముద్దలో చాక్లెట్ కనబడుతుంది.

ఇసుక దగ్గరో చిన్న గమ్మత్తు. టేబుల్ మీద కాఫీ చుక్క పడి ఆరితే మధ్యలో లేతగా, అంచున ముదురు గీతలా మిగులుతుంది చూశారా? చుక్క అంచు దగ్గర నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, ఆ లోటు పూడ్చడానికి లోపలి నీళ్లు అంచువైపు పారుతూ రంగుని మోసుకెళ్లి అక్కడ పడేస్తాయి. 1997లో నేచర్ అనే సైన్స్ పత్రికలో దీని మీద వ్యాసమే వచ్చింది. మామూలుగా బొమ్మలో ఈ అంచు చిరాకు పెడుతుంది, కొత్తలో దీన్ని చెరపడానికి రుద్ది రుద్ది కాగితం చించుకున్నాను. కానీ అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద మిగిలే తడి గీత అచ్చం ఇలాగే ఉంటుంది. అందుకని ఇసుక మీద నాలుగో మూత కాఫీని కావాలనే గుంట కట్టేలా, అల ఆకారంలో వదిలి, ఫ్యాను ఆపేసి, ముట్టుకోకుండా వదిలేయండి. గంట తర్వాత గీత దానంతట అదే వచ్చి ఉంటుంది. మిగతా ఇసుకకి టూత్‌బ్రష్ టీలో ముంచి బొటనవేలితో జల్లండి, పైన కొండని కాగితంతో కప్పడం మర్చిపోకండి.

ముందువైపు ఖాళీగా అనిపిస్తే పెదజాలారిపేట దగ్గర ఇసుక మీదకి లాగి పెట్టే బోటు ఒకటి వేయండి. బోటు లోపల నీడ, వల కుప్ప, ఈ రెండే బొమ్మలో అన్నిటికంటే ముదురు చోట్లు. దూరంగా పోర్టు బయట ఆగి ఉన్న ఓడలకి సన్న కుంచెతో చిన్న అడ్డగీత, దాని మీద ఒక చుక్క చాలు. ఓడ వివరంగా వేశారంటే అది దగ్గరికొచ్చేస్తుంది.

తప్పు జరిగితే కంగారు పడకండి. కాఫీ మళ్లీ కరుగుతుందని తిట్టుకున్నాం కదా, దిద్దుకునేటప్పుడు అదే వరం. శుభ్రమైన తడి కుంచె ఆ చోట ఆనించి, అరనిమిషం ఆగి, గుడ్డతో అద్దండి. చాలావరకు లేచిపోతుంది. టీ మాత్రం లేవదు, అందుకే ఆకాశం పాడైతే నేను రెండో కాగితం తీస్తాను.

నలుపు కావాలంటే

కాఫీ ఎంత ముదిరినా గోధుమ రంగే, నలుపు కాదు. నలుపు నాకు పొరపాటున దొరికింది. రంగులు కలుపుకోవడానికి గుంటలున్న పళ్లెం లేక అమ్మమ్మ కాలం నాటి ఇనప పొంగణాల పెనం తీసి ఒక గుంటలో టీ పోసి, ఫోన్ వస్తే వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి టీ సిరాలా మారిపోయి ఉంది. ఏమైందా అని ఆలోచిస్తే, కలంకారీ వాళ్లు తరతరాలుగా చేస్తున్న పనే ఇది. శ్రీకాళహస్తి కలంకారీలో ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి కసిమి అని చేస్తారు, కరక్కాయ రసంలో ముంచి ఆరేసిన గుడ్డ మీద దాంతో గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్నట్టే టీలోనూ టానిన్లనే వగరు పదార్థాలున్నాయి, అవి ఇనుముతో కలిస్తే నలుపు.

ఇంట్లో చేసుకోవడం తేలిక, తుప్పు మేకులకి మన ఊళ్లో కొదవేముంది. నాలుగయిదు తుప్పు మేకులు చిన్న గాజు సీసాలో వేసి, మునిగేలా వెనిగర్ పోసి, మూత వదులుగా పెట్టి బాల్కనీలో వారం రోజులు ఉంచండి. మూత బిగించకండి, లోపల గ్యాస్ పుడుతుంది. తర్వాత వడగట్టి, ఒక మూత చిక్కటి టీలో రెండు మూడు చుక్కలు వేయండి. నిమిషంలో బూడిద రంగుకి తిరుగుతుంది, ఆరేకొద్దీ ఇంకా నల్లబడుతుంది. ఆరిన టీ పొర మీద నేరుగా ఈ ఇనప నీళ్లతో గీసినా గీత నల్లగా తేలుతుంది, వల తాళ్లు అలాగే వేస్తాను. ఎక్కువ వాడకండి, ఇనుము, పులుపు కలిసి ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని తినేస్తాయి. సీసా మీద పెద్దక్షరాలతో "తాగకూడదు" అని రాసి, వంటింట్లో కాకుండా వేరే చోట పెట్టండి. అమ్మమ్మ పెనం ఏమైందని అడక్కండి, చింతపండు పెట్టి తోమాను, మళ్లీ నూనె పట్టించాను, ఇప్పుడు బాగానే ఉంది.

ఆరాక ఏం చేయాలి

బొమ్మ అయిపోగానే ఫొటో తీయండి, వీలైతే స్కాన్ చేయించండి. కాఫీ రంగు ఎండకి వెలుస్తుంది, టీ ఇంకా త్వరగా వెలుస్తుంది, ఏం చేసినా పూర్తిగా ఆపలేం. కిటికీకి ఎదురుగోడ మీద పెట్టొద్దు.

రెండు రోజులు ఫ్యాను కింద ఆరనిచ్చి, టేపుని నెమ్మదిగా ఏటవాలుగా లాగండి. తర్వాత స్ప్రే ఫిక్సెటివ్ (రంగు లేవకుండా పట్టి ఉంచేది) గానీ మ్యాట్ వార్నిష్ స్ప్రే గానీ ఒక అడుగు దూరం నుంచి పల్చగా రెండు మూడు సార్లు, మధ్యలో ఆరనిస్తూ. కుంచెతో పూసే వార్నిష్ వద్దు, నీళ్లతో చేసినదైతే కాఫీ మొత్తం లేచి చారలవుతుంది. వాన రోజున స్ప్రే చేయకండి, గాలిలో చెమ్మకి పొర మీద తెల్లటి మంచులాంటి మసక కడుతుంది, అది పోదు. సముద్రపు గాలి మొహానికి కొట్టే డాబా మీద కూడా వద్దు, సగం స్ప్రే మీ జుట్టుకే. మధ్యాహ్నం వేళ, తలుపులు తీసిన వరండా మంచిది.

ఫ్రేము కట్టించేటప్పుడు మౌంట్ బోర్డు (బొమ్మకీ గాజుకీ మధ్య చుట్టూ పెట్టే మందపాటి అట్ట) పెట్టమని గట్టిగా చెప్పండి. గాజు బొమ్మని తాకకూడదు, తాకితే నా ఫైలు కథే మళ్లీ. ఒకసారి ఫ్రేము కట్టే అతను "మౌంట్ అనవసరం మేడం, ఖర్చు" అని తీసేస్తే నేనూ ఊరుకున్నాను, మొదటి వానకే కొండ గాజుకి ముద్దుపెట్టింది. ఫ్రేము కట్టించకుండా దాచుకునేవైతే మధ్యలో బటర్ పేపర్ పెట్టి, అట్టపెట్టెలో, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే ఆ సిలికా జెల్ పొట్లాలు నాలుగు పడేసి పెట్టండి. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు.

సంతకం పెన్సిల్‌తో పెట్టండి. నేను ఒకటో మూత కాఫీతో, సన్న కుంచెతో, వంపులు తిప్పుతూ పెట్టేదాన్ని. అక్కడే చెయ్యి పట్టి అందరూ బొమ్మ అందుకునేవాళ్లు, మా ఇంట్లో ముగ్గురి బొటనవేలి ముద్రలు నా పేరు మీద ఇప్పటికీ ఉన్నాయి.